మిరియాల చారు నుంచి తిప్పతీగ దాకా: ఇంటి వైద్యంపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెనాలి దగ్గర పల్లెలో అమ్మమ్మ కాచిన కషాయాలు తాగి పెరిగాను. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఫార్మసిస్టుగా మందుల షాపులో పనిచేశాను. అందుకే "ఈ మాత్ర మానేసి ఇంట్లో చేసుకునేదేమన్నా ఉంటే చెప్పమ్మా" అనేవాళ్లూ నా దగ్గరికే వస్తారు, "ఎవరో ఈ పొడి ఇచ్చారు, వాడొచ్చా?" అనేవాళ్లూ నా దగ్గరికే వస్తారు. ఎక్కువమంది అడిగినవి ఇక్కడ రాస్తున్నాను.

అమ్మమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఏ కషాయం కాచినా "మూడు పొద్దులు చూద్దాం" అనేది. నాలుగో పొద్దుకి తగ్గకపోతే తనే రిక్షా పిలిపించి డాక్టరు దగ్గరికి బయల్దేరదీసేది. ఇంటి వైద్యానికి గడువు ఉండాలని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కింద చాలా జవాబుల్లో ఆ గడువు మాటే మళ్లీ మళ్లీ వస్తుంది.

జలుబు, దగ్గు, గొంతు నొప్పి వస్తే ఇంట్లో ఏం చేసుకోవచ్చు?

మందు వేసుకున్నా వేసుకోకపోయినా మామూలు జలుబు వారం పది రోజుల్లో దానంతట అదే పోతుంది. ఆ వారం కాస్త హాయిగా గడవాలంటే వంటింట్లో ఉన్నవి చాలు.

అమ్మమ్మ మిరియాలు, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో వేసి కచ్చాపచ్చాగా దంచేది. మెత్తగా నూరితే ఘాటు చచ్చిపోతుందనేది. చింతపండు రసం పల్చగా పిసికి, ఉప్పు, కరివేపాకు, దంచిన ముద్ద వేసి, ఒక్క పొంగు రాగానే దించేసేది. వేడన్నంలో ఆ చారు పోసుకుని తింటుంటే కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు కారేవి. వేడికి కఫం పల్చబడుతుంది, మిరియం ఘాటుకు ముక్కు వదులుతుంది. అది జలుబు వైరస్‌ను చంపదు కానీ ఆ రాత్రికి నిద్ర పడుతుంది.

గొంతు నొప్పికి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. ఆవిరి పెద్దవాళ్లు పట్టొచ్చు. చిన్నపిల్లల్ని మాత్రం మరిగే గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెట్టకండి. గిన్నె ఒలికి ఒళ్లు కాలిన పిల్లలకు ఆయింట్‌మెంట్ కోసం పరిగెత్తుకొచ్చిన తల్లులను షాపులో చూశాను. దగ్గుకు పడుకోబోయే ముందు చెంచా తేనె బాగానే పనిచేస్తుంది, కానీ ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా వద్దు. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా ఆ వయసు పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది.

జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా, పసిబిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా చారుతో ఆగకండి. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి. క్షయకు పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఇవన్నీ సహజమైనవే కదా, సైడ్ ఎఫెక్టులు ఉండవుగా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. గన్నేరు కాయ సహజమైనదే. ఉమ్మెత్త గింజ, గురివింద గింజ కూడా మన కంచెల మీద పెరిగేవే. అవి ప్రాణం తీస్తాయని పల్లెలో ప్రతి తల్లికీ తెలుసు.

మొక్కల్లో శక్తి ఉంది కాబట్టే ఈ జాగ్రత్త. సర్పగంధ వేరు మన దేశంలో తరతరాలుగా వాడుకలో ఉంది. అది రక్తపోటును తగ్గిస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని ప్రచురించాక ప్రపంచమంతా దానివైపు చూసింది. తర్వాత ఆ వేరులోంచే రిసర్పిన్ అనే మందు తీశారు. ఎక్కువ మోతాదులో వాడిన కొందరికి తీవ్రమైన దిగులు పట్టుకుందని కూడా బయటపడింది. బీపీని తగ్గించిన పదార్థమే ఆ పనీ చేసింది.

తిప్పతీగ సంగతీ ఇలాంటిదే. కరోనా రోజుల్లో రోజూ తిప్పతీగ కషాయం తాగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాదన ఎటు తేలినా, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ శక్తే ఒంటిమీద దాడి చేసేవి) ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మిగతావాళ్లు కూడా నెలల తరబడి తాగే కషాయంగా దాన్ని పెట్టుకోవద్దు.

రోజూ పసుపు పాలు తాగొచ్చా? పసుపు క్యాప్సూళ్లు ఇంకా మంచివా?

పాలల్లో పావు చెంచా పసుపు, చిటికెడు మిరియాల పొడి వేసుకుని తాగితే ఇబ్బందేమీ లేదు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, మిరియం ఉంటే ఎక్కువ పడుతుంది. పాతవాళ్లు పాలల్లో రెండూ కలిపింది రుచికోసమే అయినా మంచి జోడీ కుదిరింది.

క్యాప్సూళ్ల లెక్క వేరు. పసుపులో కర్క్యుమిన్ బరువులో నూటికి మూడు పాళ్ల దగ్గర ఉంటుంది. క్యాప్సూల్‌లో దాన్నే గాఢంగా నింపి, ఒంటికి బాగా పట్టేలా మిరియం సారం కలుపుతారు. అలాంటివి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. రక్తం పల్చబరిచే మాత్రలు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వేసుకోవద్దు.

కల్తీ మాట కూడా చెప్పాలి. కొమ్ములకు మెరుగు పెట్టేటప్పుడు పచ్చటి రంగు కోసం కొందరు లెడ్ క్రోమేట్ కలుపుతారు. అది సీసం, పిల్లల మెదడుకు చేటు. దుగ్గిరాల, నిజామాబాద్ లాంటి మార్కెట్లు మన ఇళ్ల పక్కనే ఉన్నప్పుడు, నమ్మకమైన చోట మెరుగు పెట్టని కొమ్ములు కొని మరాడించుకోవడం మేలు.

పొద్దున్నే వేడినీళ్లలో నిమ్మరసం, తేనె తాగితే కొవ్వు కరుగుతుందా?

కరగదు. తేనె కూడా చక్కెర లాంటిదే. రోజూ నిమ్మరసం తాగితే పళ్ల పైపూత అరుగుతుంది. ఉత్త వేడినీళ్లు తాగితే సరిపోతుంది.

విరేచనాలకు మజ్జిగ, సగ్గుబియ్యం జావ సరిపోతాయా?

పెద్దవాళ్లకు ఒకటి రెండు రోజుల మామూలు విరేచనాలైతే ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, గంజి, జావ మంచివే. పిల్లలకైతే ముందు ఓఆర్ఎస్ ఇవ్వాలి, మజ్జిగ ఆ తర్వాతే. విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీరు, లవణాలు పోవడమే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి తాగించారు. చావులు బాగా తగ్గాయి. ఉప్పు ఒంటికి పట్టాలంటే పేగుల్లో దాని పక్కన చక్కెర ఉండాలి. ఈ నీళ్లు అందుకే పనిచేశాయి.

ప్యాకెట్ దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే హాని కాబట్టి కళ్లతో అంచనా కట్టవద్దు. పిల్లలకు దీనితోపాటు 14 రోజుల జింక్ మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర అడగండి.

దుకాణాల్లో ఓఆర్ఎస్ అని పేరు రాసుకున్న తియ్యటి డబ్బా పానీయాలు చాలాకాలం అమ్మారు. వాటిలో చక్కెర మితిమీరి ఉండేది, దానితో విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిమీద పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆవిడకు నేను మనసారా రుణపడి ఉన్నాను, ఎందుకంటే అంతకుముందు నా షాపులోనూ ఆ డబ్బాలు అడిగేవాళ్లు, వద్దని ఒక్కొక్కరికీ చెప్పడం తలకు మించిన పనయ్యేది. కొనేటప్పుడు ఇప్పటికీ ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

బిడ్డ కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా గడువు అప్పటితో అయిపోయినట్టే.

షుగర్‌కు మెంతులు, కాకరకాయ, నేరేడు గింజల పొడి వాడుతున్నాను. మాత్రలు ఆపేయొచ్చా?

ఆపవద్దు. మెంతులు ఉత్త నమ్మకం కాదు, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే వాటిమీద పరిశోధనలు జరిగాయి. నానబెట్టిన మెంతుల్లో జిగురుగా ఉండే పీచు పేగుల్లో చక్కెర ఒంటికి పట్టడాన్ని నిదానం చేస్తుంది. ఆ మేరకు సాయం. చిక్కేమిటంటే మాత్రలూ వేసుకుని, కాకర రసం గ్లాసు తాగి, పొద్దున టిఫిన్ మానేస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, తర్వాత డాక్టరుకు చెప్పండి.

మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించండి. మెంతులు మొదలుపెట్టాక అది తగ్గితే, మోతాదు తగ్గించడం డాక్టరు చూసుకుంటారు. ఇన్సులిన్ మీద బతికే పిల్లలకు మాత్రం ఏ పొడి కోసమూ ఒక్కపూట కూడా ఇన్సులిన్ ఆపకూడదు. పొడులన్నిటికన్నా రాత్రి భోజనం చేశాక పావుగంట నడవమనే ఎక్కువగా చెబుతాను. అందరూ తల ఊపుతారు, నడిచేది కొందరే.

సిరిధాన్యాలు తింటే జబ్బులు పోతాయా?

కొర్రలు, సామలు, ఊదలు, అరికలు, అండుకొర్రలు అని ఈరోజు పట్నంలో పిల్లలకు కూడా పేర్లు తెలుసంటే అందులో ప్రొద్దుటూరు నుంచి మైసూరు చేరిన ఖాదర్ వలీ గారి పాత్ర చాలా ఉంది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిందీ ఆ ఏడాదే. మూడుపూటలా పాలిష్ బియ్యం తినే ఇంట్లో ఒకపూట కొర్రన్నం వస్తే పీచు పెరుగుతుంది, పొట్ట నిండినట్టుంటుంది. రాగులైతే మరీ మంచివి, వంద గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, అదే బియ్యంలో పది కూడా ఉండదు.

క్యాన్సర్ పోతుంది, కిడ్నీలు బాగవుతాయి అనే మాటలు మాత్రం నేను నమ్మను, మిమ్మల్నీ నమ్మవద్దంటాను. కొర్రలూ పిండి పదార్థమే కాబట్టి పళ్లెం నిండా తింటే షుగర్ పెరుగుతుంది. నానబెట్టి వండండి, వారానికి రెండు మూడు పూటలతో మొదలుపెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి.

చంటిబిడ్డకు ఆముదం పోయడం, వస నాకించడం, కర్పూరం కట్టడం చేయొచ్చా?

ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను, పెద్దవాళ్లు ఏమీ అనుకోవద్దు.

పేగులు శుభ్రమవుతాయని పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో ఆముదం పోస్తారు. బిడ్డ ఏడుస్తూ పొలమారితే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ చేరిన నూనె వల్ల వచ్చే న్యుమోనియా మొండిది. ముక్కులో, చెవిలో నూనె పోయడమూ వద్దు. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తారు. మాటకారి పిల్లను వసపిట్ట అనడం అక్కడినుంచే వచ్చింది. ముద్దుమాటే కానీ, వసలోని పదార్థం హానికరమని అమెరికాలో 1968లోనే దాన్ని ఆహారంలో నిషేధించారు. ముద్ద కర్పూరం మూటగట్టి మెడలో వేస్తే బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంటుంది, చిన్న ముక్క మింగినా ఫిట్స్ వస్తాయి. బయట కొన్న కాటుకల్లో సీసం ఉండొచ్చు. సాంబ్రాణి పొగ పిల్ల ఊపిరికి మంచిది కాదు.

మరి ఏం మిగిలింది అంటారా? ఒళ్లంతా నూనె రాసి మర్దనా చేయండి, నలుగు పెట్టండి, గోరువెచ్చని నీళ్లు పోయండి, ఒళ్లో పెట్టుకుని జోల పాడండి. మా అమ్మమ్మ చేతిలో ఆ మర్దనా చూసినవాళ్లకు తెలుసు, బిడ్డ అక్కడే నిద్రలోకి జారిపోయేది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

పచ్చకామెర్లకు పసరు మందు పనిచేస్తుందంటారు, నిజమేనా?

కామెర్లలో ఎక్కువ భాగం కలుషితమైన నీటితో వచ్చే వైరస్ వల్ల. కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ వారాల్లో ఎవరు పసరు పోశారో వాళ్లకు పేరొస్తుంది. పసరు ఇచ్చేవాళ్లంతా మోసగాళ్లని నేను అనను, చాలామంది నిజంగానే నమ్మి పోస్తారు. కానీ కామెర్లు పిత్తనాళంలో రాయి వల్లా రావచ్చు, గడ్డ వల్లా రావచ్చు, మందుల వల్లా రావచ్చు. అది రక్తపరీక్షలో, స్కానింగ్‌లో తప్ప తెలియదు. కంట్లో పసరు పిండించుకోకండి, చేతికి వాతలు పెట్టించుకోకండి. గర్భిణికి కామెర్లు వస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, నీటితో వచ్చే కామెర్ల వైరస్ హెపటైటిస్ ఇ ఆమె ప్రాణం మీదికి తేవచ్చు. పుట్టిన బిడ్డకు పసుపు కనిపిస్తే ఎండలో పెట్టి ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించండి. రక్తంలో ఆ పసుపు పదార్థం మితిమీరితే మెదడు దెబ్బతింటుంది.

కుక్క కరిచినా, పాము కరిచినా నాటు మందు?

వద్దు. ఇక్కడ గడువే లేదు. కుక్క కాటును ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే టీకా వేయించాలి. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. రేబిస్ బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. పాము కాటుకు కట్టు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాలు కదపకుండా ఉంచి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డెంగీకి బొప్పాయి ఆకు రసం తాగించొచ్చా?

ప్లేట్‌లెట్లు కొంత పెరిగాయని చెప్పే చిన్న అధ్యయనాలు ఉన్నాయి. తాగితే తప్పులేదు, వాంతి అయితే ఆపేయండి. అసలు భయం ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే కాదు. జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు కారిపోయి మనిషి కుప్పకూలవచ్చు. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునే ఆ రోజుల్లోనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత ఉన్నాయేమో కనిపెట్టి ఉండండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వాడవద్దు.

మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పొడి అద్భుతంగా పనిచేసింది. కొనసాగించొచ్చా?

అద్భుతంగా పనిచేసిందంటేనే నాకు భయం. మా మేనత్తకు ఇలాగే ఒక చోట నల్లటి పొడి పొట్లాలు కట్టి ఇచ్చారు. మూడో రోజుకే మెట్లెక్కింది. మేమంతా సంతోషపడ్డాం. మూడు నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతి మీద గాజు ఒరుసుకున్నా కమిలిపోయేది, ఎన్నడూ లేని షుగర్ వచ్చింది. పొడి చూడగానే డాక్టరు స్టెరాయిడ్ కలిపి ఉంటారన్నారు. భయపడి అత్త ఆ రోజే పొడి ఆపేసింది. రెండు రోజుల్లో లేవలేని నీరసం, వాంతులు వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. నెలలుగా స్టెరాయిడ్ పడిన ఒంటికి దాన్ని హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. ఈ సంగతి నాకు తెలుసు. నేనే ఆమెకు ముందుగా చెప్పి ఉండాల్సింది.

మోకాళ్లకు బరువు తగ్గడం, తొడ కండరాలు బలపడే వ్యాయామం మేలు చేస్తాయి. నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి రాసుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుంది.

ప్రకృతి చికిత్సాలయాలకు వెళ్లొచ్చా?

తెలుగువాళ్లకు దీనితో పాత బంధమే ఉంది. జర్మనీకి చెందిన లూయీ కూనే నీటి చికిత్స పుస్తకం 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ చేతుల మీదుగా తెలుగులోకి వచ్చింది. గాంధీజీ 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ఆశ్రమం పెట్టారు. మట్టి పట్టీ, తొట్టి స్నానం, నూనె లేని కూరలు, యోగా, పది రోజులు ఇంటి గొడవలకు దూరం: ఇవన్నీ బీపీ, బరువు, మనసు కుదురుకోవడానికి సాయపడతాయి.

వెళ్లేముందు అక్కడ చూసేవాళ్లకు ప్రకృతి వైద్యం, యోగాలో బీఎన్‌వైఎస్ డిగ్రీ ఉందో అడగండి. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు. ఇన్సులిన్ వాడేవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఉపవాసాలు చేయకూడదు. మీ మాత్రలన్నీ మొదటిరోజే ఆపించే చోట ఒక్కరోజు కూడా ఉండవద్దు.

నిద్ర పట్టడం లేదు. మాత్ర లేకుండా ఏదైనా ఉందా?

సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ ఆపండి. ఫోన్ పడక గదిలోకి తీసుకెళ్లకండి. ఎంత రాత్రి పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవండి. అరికాళ్లకు నూనె రాసుకోవడం నాకు ఇష్టం, ఆ పది నిమిషాలు ఏ ఆలోచనా ఉండదు. రెండు మూడు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే, లేదా ఏ పనిమీదా మనసు నిలవకపోతే, బతకాలనిపించకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇవన్నీ వాడుతున్నామని చెబితే డాక్టరు తిడతారేమో?

కొందరు విసుక్కుంటారు, నిజమే. అయినా చెప్పండి, ఆపరేషన్ ముందైతే తప్పనిసరిగా చెప్పండి. వెల్లుల్లి, అల్లం, పసుపు క్యాప్సూళ్లు రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేయొచ్చు. రక్తం పల్చబరిచే వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లు తోటకూర, పాలకూర ఒక వారం మానేసి మరోవారం రోజూ తిన్నా మోతాదు తప్పుతుంది. పేరు గుర్తుండకపోతే ఆ పొట్లం, సీసా, ఆకు ఏదైతే అది రిపోర్టుల సంచిలో పెట్టుకుని వెళ్లి బల్లమీద పెట్టండి.